ఎర్రనీళ్ల పళ్లెం, మంచినీళ్ల చెంబు

మొన్న మంగళవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు ఏలూరులో మా వీధి చివర టపాకాయలు పేలాయి. ఆ పొగ మా వరండాలోకి వచ్చేసరికి దాని వెనకే కర్పూరం వాసన వచ్చింది. పార్లమెంటుకు నిలబడిన అభ్యర్థి ఇంటింటికీ తిరుగుతున్నారు. ముందు డప్పులు, వెనక జీపు మీద మైకు, మధ్యలో ఒకే రంగు చీరలు కట్టుకున్న ఆరుగురు ఆడవాళ్లు, వాళ్ల చేతుల్లో పళ్లేలు. ఇప్పుడు హారతి పళ్లెం కూడా అభ్యర్థితోపాటే వస్తోంది. ఇంటివాళ్లు గుమ్మంలో నిలబడి పళ్లెం అందుకుని, మూడుసార్లు తిప్పి, ఫొటో దిగి, పళ్లెం తిరిగి ఇచ్చేస్తే సరిపోతుంది. కిటికీలోంచి లెక్కపెట్టాను. మా ఇంటి దాకా వచ్చేలోపు ఒకే పళ్లెం పదకొండు గుమ్మాలు తిరిగింది.

టపాకాయల పొగా కర్పూరమూ కలిసిన వాసన నాకు పడదు. నాకిప్పుడు డెబ్బై మూడేళ్లు. పదకొండేళ్ల వయసు నుంచీ పడదు. ఇంట్లో పూజకు కూడా కర్పూరం వెలిగించను.

మాది మండవల్లి వైపు కొల్లేట్లో ఒక లంక. దాని పేరు రాయను. ఆ వాసన నాకు పడకుండా పోయిన రోజు తారీఖు నా పాత నోటుబుక్కులో ఉంది, అదీ రాయను. ఆనాటివాళ్ల మనవలు ఆ చుట్టుపక్కలే ఉన్నారు, వాళ్ల తప్పేమీ లేదు. ముప్పై ఎనిమిది ఇళ్లు, అన్నిటికీ కిక్కిస గడ్డి కప్పులు, చుట్టూ నీళ్లు. వానాకాలంలో ఆ నీళ్లు గుమ్మం దాకా వచ్చి, వాటితోపాటు పాములు చూరెక్కితే మా నాన్న పడవ తోసే గడతో వాటిని చావగొట్టి ఒడ్డున వరసగా పడుకోబెట్టేవాడు, మేం పిల్లలం పొడవు కొలిచేవాళ్లం. కార్తీకంలో నీరు తేటపడ్డాక కొర్రమీనులు దొరికేవి, ఆడవాళ్లు వాటిని తోకపట్టి రేవు బండకేసి మూడు దెబ్బలు కొట్టి, ఇంకా కొట్టుకుంటూ ఉండగానే బూడిదలో దొర్లించి తోమేవారు. ఆ బండ ఎప్పుడూ ఎర్రగానే ఉండేది. మాఘంలో గూడబాతులు దిగేవి, రెండో పంట దాళ్వా నాట్లు పూర్తయ్యేవి, అమ్మ కుండలో చింతకాయ వేసి చేపల పులుసు కాచి రాత్రంతా ఉంచి మర్నాడు చద్దన్నంలోకి వేసేది. మా ఆటలూ అలాంటివే. దోనెల మీద నిలబడి కర్రలతో ఒకరినొకరు నీళ్లలోకి పడదోసుకోవడం. దోనె అంటే తాటిమాను తొలిచి చేసిన చిన్న పడవ, అటూ ఇటూ కదిలితే బోల్తా కొడుతుంది. నా ఎడమ కనుబొమ్మ మీద మచ్చ ఆ ఆటలోదే. వలల హద్దు దగ్గర పెద్దవాళ్లు కొట్టుకున్నప్పుడు తలలు పగిలేవి. సాయంత్రానికి పసుపు అద్ది కట్టు కట్టుకుని అందరూ ఒకే అరుగు మీద కూర్చుని చుట్టలు కాల్చుకునేవారు. దెబ్బ అంటే మాకు భయం లేదు. దెబ్బకు ఒక కొలత ఉంటుందని, అది దాటదని అనుకునేవాళ్లం.

మా నాన్నకు రెండెకరాల దాళ్వా పొలం, ఒక పెద్ద పడవ ఉండేవి. ఊరి పెద్దల్లో ఆయనొకడు. గడ వేయడంలో ఆయనంతటివాడు లేడు. నాకు లెక్కలు వచ్చింది ఆ పడవలోనే. గడ నీళ్లలో దిగిన ప్రతిసారీ ఒకటి, రెండు అని లెక్కపెట్టేదాన్ని. మా రేవు నుంచి మండవల్లి గట్టుకు ఆరువందల పన్నెండు గడలు. గాలి ఎదురైనా ఆయన చేతిలో అది ఆరువందల ఇరవై దాటేది కాదు.

ఇక మా లంకలో ఓట్ల పద్ధతి చెప్పాలి. ఊరంతా ఒకరికే వేసేవారు. ఎవరికో పెద్దలు కూర్చుని తేల్చి, ఆ మనిషి చేతిలో చెయ్యివేసి మాట ఇచ్చేవారు. అయితే ఎవరు వచ్చినా లేదని ఎవరి ముఖం మీదా అనేవారు కాదు. ఓటు ఎవరికి అనుకుంటే వారికి రేవు దగ్గరి మొదటి ఇంటి గుమ్మంలో ఎర్రనీళ్లతో దిష్టి తీసి, కర్పూరం హారతి ఇచ్చి, బొట్టు పెట్టేవారు. రెండోవారు వస్తే అంతే మర్యాదగా కూర్చోబెట్టి ఇత్తడి చెంబుతో మంచినీళ్లు ఇచ్చేవారు. చెంబు చూడగానే వచ్చినవారికి తెలిసిపోయేది. నీళ్లు తాగి, పంటల సంగతి అడిగి, దణ్ణం పెట్టి వెళ్లిపోయేవారు. రేవు దగ్గరి మొదటి ఇల్లు మాదే.

ఆ ఏడు ఇద్దరు నిలబడ్డారు. ఒకరు తాడేపల్లిగూడెంలో రైసు మిల్లు ఉన్నాయన, మా ఊళ్లో మిల్లాయన అనేవారు. ఇంకొకరు ఏలూరు ప్లీడరు గారు. మా పెద్దలు మిల్లాయనకు మాట ఇచ్చారు. ఆ రోజు తొమ్మిదింటికి ఆయన వస్తాడని కబురు. ఆయనను తీసుకురావడానికి నాన్నా మిగతా పెద్దలూ పడవలతో గట్టుకు వెళ్లారు. అమ్మ పళ్లెంలో పసుపు, సున్నం కలిపి, కర్పూరం బిళ్ల పెట్టి, గుమ్మం పక్కన ఉంచి, తలంటుకోవడానికి పెరట్లోకి వెళ్లింది.

ఎనిమిది దాటగానే రేవులో ఒక చిన్న పడవ ఆగింది. గడ వేస్తున్నది సోములు మావయ్య, మా అమ్మకు ఒక్కడే తమ్ముడు, పక్క లంకలో ఉండేవాడు. కూలికి ప్లీడరు గారిని తిప్పుతున్నాడు. ప్లీడరు గారు సన్నగా, కళ్లజోడుతో, పంచె మోకాళ్ల దాకా తడిసి దిగారు. అమ్మకు గొంతులు వినబడ్డాయి.

"ఎవరే అమ్మడూ?" అని పెరట్లోంచి అరిచింది.

"మావయ్యే. ప్లీడరు గార్ని తెచ్చాడు."

"చెంబుతో మంచినీళ్లియ్యి. కూర్చోమను."

ఇచ్చాను. ఆయన చెంబు చూసి, ఒక్క క్షణం ఆగి, తాగారు. తర్వాత, నాతో ఏదో ఒకటి మాట్లాడాలన్నట్టు, "ఏం చదువుతున్నావమ్మా?" అన్నారు. లెక్కలంటే ఇష్టమని చెప్పాను. గట్టుకు ఆరువందల పన్నెండు గడలని కూడా చెప్పాను. ఆయన నవ్వలేదు. "గడకు నాలుగు గజాలు నడిస్తే మీ ఊరు గట్టుకు ఎంత దూరం?" అన్నారు. "మైలు మీద ఆరువందల ఎనభై ఎనిమిది గజాలండి" అన్నాను. ఆయన జేబులోంచి కాగితం తీసి, పెన్సిలుతో గుణించి, తీసివేసి, కళ్లజోడు పైనుంచి నన్ను చూశారు. "నిన్ను చదివించాలి" అన్నారు. అంతవరకు నన్ను ఒక లెక్క అడిగిన పెద్దవారు ఎవరూ లేరు.

నేను లోపలికి వెళ్లి అగ్గిపెట్టె తెచ్చాను.

"ఒసే, అది మిల్లాయనకి కదే!" అన్నాడు మావయ్య రేవులోంచి.

"నాకు తెలుసు" అన్నాను.

ఇన్నేళ్లలో చిన్నపిల్ల పొరపాటున ఇచ్చిందని మా చుట్టాలు చాలామంది అన్నారు. పొరపాటు కాదు. ఎర్రనీళ్లు మూడుసార్లు తిప్పాను, కర్పూరం వెలిగించాను, బొట్టు పెట్టాను. ఆయనకూ ఆ పళ్లెం అర్థం తెలుసు. వద్దనలేదు. తల వంచి పెట్టించుకున్నారు.

"మీ బాబు నీ వీపు పగలగొడతాడే ఇవాళ" అని మావయ్య నవ్వాడు. పడవ తిప్పుతూ, "ఏవండీ, దార్లో ఆ బొట్టు తుడుచుకోండి. మిల్లాయనవాళ్లు ఎదురొస్తున్నారు" అన్నాడు. ప్లీడరు గారు తుడుచుకోలేదు. పడవ కిక్కిస మలుపు తిరిగే దాకా ఆయన నుదుట ఆ ఎరుపు కనబడుతూనే ఉంది.

కొద్దిసేపటికి ఆ మలుపు వెనక గడలు ఒకదానికొకటి తగిలిన చప్పుడు వచ్చింది. తర్వాత ఒక అరుపు. తర్వాత కిక్కిసలో ఉన్న పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి. మూడు పడవలు మా రేవుకు వచ్చాయి. మొదటి దాంట్లో గొడుగు కింద మిల్లాయన వక్కపొడి నములుతూ కూర్చుని ఉన్నాడు, దిగలేదు. దిగింది ఆయన మిల్లు మేస్త్రీ, వాడి వెనక పదిమంది. మర్యాదకు వాళ్లను ముందు పోనిచ్చి బాగా వెనకగా వస్తున్న నాన్న, మిగతా పెద్దలతో పడవ తెచ్చి, మలుపు దగ్గర ఏం జరిగిందో తెలియక గడ పట్టుకుని నిలబడ్డాడు. మేస్త్రీ గొంతు పెంచలేదు. అంత మెత్తని మాట నేను ఎవరి నోటా వినలేదు.

"ఏవండీ, తమరి గుమ్మంలో హారతి ఎవరిచ్చారండీ?"

నాన్న పళ్లెం వైపు చూశాడు. కర్పూరం కాలిన నల్లని మచ్చ చూశాడు. నన్ను చూశాడు.

"నేనే ఇప్పించానండి."

"మాకు మాటిచ్చారు కదండీ?"

"ఇచ్చానండి."

"ఏ చేత్తో ఇచ్చారండీ?"

నాన్న కుడిచెయ్యి చాపాడు. దాన్ని పడవ అంచు మీద పెట్టించి, ఆయన గడే ఆయన చేతిలోంచి లాక్కుని కొట్టారు. నాలుగు దెబ్బలు. మూడో దెబ్బకు ఎముక చప్పుడు వినబడింది, నాలుగోది అక్కర్లేదు, అయినా కొట్టారు. నాన్న కింద కూర్చున్నాడు కానీ అరవలేదు. తర్వాత గొడ్డళ్లతో రేవులో ఉన్న తొమ్మిది దోనెల అడుగులు చీల్చారు. అడ్డం వచ్చిన ఇద్దరి తలలు పగలగొట్టారు. మిల్లాయన రాకకని తెచ్చుకున్న టపాకాయల దండలు అంటించి చూరుల మీదికి విసిరారు. మూడు ఇళ్లు తగలబడ్డాయి. అమ్మ తడి జుట్టుతో పరుగెత్తుకొచ్చింది. ఆ పొగలో, నా చేతికి ఇంకా కర్పూరం వాసన ఉంది.

మధ్యాహ్నం సోములు మావయ్యను కిక్కిసలోంచి తీసుకొచ్చారు. తల వెనక వైపు లేదు. పోలీసు కాగితంలో పడవ తిరగబడి పోయాడని రాయించారు. ప్లీడరు గారు మెడలోతు నీళ్లలో నడిచి గట్టెక్కారట. మా ఊరికి మళ్లీ రాలేదు.

ఆ రాత్రి అమ్మ నాన్నను ఒకే మాట అడిగింది. "మిల్లాయనకి మాటిచ్చి ప్లీడరు గారికెందుకు ఇప్పించావు?"

నాన్న కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, "బుద్ధి పుట్టింది" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నోరు తెరిచాను. ఆయన నా వైపు చూసి తల అడ్డంగా ఆడించాడు. అంతే, మూసుకున్నాను.

ఓట్ల రోజున ఊరంతా ముందు అనుకున్నట్టే మిల్లాయనకే వేసింది. ఆయన గెలిచాడు. గెలిచిన పన్నెండో రోజున దండలతో మా రేవుకు వచ్చాడు. అమ్మ గదిలోకి వెళ్లి గోడ వైపు తిరిగి కూర్చుంది. నాన్న ఎడమచేత్తో పళ్లెం తెచ్చి నా చేతిలో పెట్టి, "అమ్మడూ, కాలిపోయిన ఇళ్లు మూడే. ఇంకా ముప్పై అయిదున్నాయి" అన్నాడు. నేను హారతి ఇచ్చాను. మిల్లాయన నా తల నిమిరి, "ఏం చదువుతున్నావమ్మా?" అన్నాడు.

నాన్న మళ్లీ గడ పట్టలేదు. వేరేవాళ్లు వేస్తే గట్టుకు ఏడువందల పైన పట్టేది. పడవ అమ్మేసి నన్ను మా పెద్దమ్మ దగ్గర ఏలూరులో చదువుకు పెట్టాడు. ముప్పై నాలుగేళ్లు లెక్కల టీచరుగా పనిచేశాను. అమ్మ నాన్నకు అన్నం పెట్టేది, బట్టలు ఉతికేది, మాట్లాడేది కాదు. ఎనిమిదేళ్లు, ఆవిడ పోయేదాకా. ఆ ఎనిమిదేళ్లలో సెలవులకు పదహారుసార్లు ఇంటికి వెళ్లాను. పదహారుసార్లూ చెబుదామనుకునే వెళ్లాను. ఇంట్లోకి వెళ్లగానే నాన్న నా వైపు చూసేవాడు.

ఇప్పుడు ఆ లంకకు తారురోడ్డు ఉంది. రేవు ఉన్నచోట చేపల చెరువు గట్టు మీద లారీలు ఆగుతున్నాయి. తాటిదోనె చెక్కేవాళ్లు లేరు. కిక్కిస మలుపు లేదు, గుర్తుపట్టడానికి నిరుడు వెళ్లి రెండు గంటలు తిరిగాను.

మొన్న అభ్యర్థి మా గుమ్మం ముందు ఆగారు. ఆ ఒకే రంగు చీరల్లో ఒక అమ్మాయి పళ్లెం నా చేతికి అందించబోయింది. "మామ్మగారూ, మూడుసార్లు తిప్పితే చాలండి, కెమెరా వైపు చూడండి" అంది. నేను పళ్లెం అందుకోలేదు. లోపలికి వెళ్లి అమ్మ ఇత్తడి చెంబుతో మంచినీళ్లు తెచ్చి, "కూర్చోండి బాబూ, ఎండగా ఉంది" అన్నాను. ఆయన చెంబెత్తి గటగటా తాగారు. వెనక నిలబడిన ఇరవైమందిలో ఒక్కరి ముఖమూ మారలేదు.

"చల్లగా ఉన్నాయి మామ్మగారూ. అయితే మీ ఓటు మాకే!" అని దణ్ణం పెట్టి, పక్కింటికి వెళ్లిపోయారు.

చెంబు తోమి బోర్లించాను. మా రేవులో అయితే ఆ చెంబు అర్థం పసిపిల్లలకు కూడా తెలిసేది. తెలిసినందుకే మావయ్య పోయాడు. ఇప్పుడు ఎవరికీ తెలియదు, అదే మంచిదని అనుకున్నాను. అయినా సాయంత్రం ఆ చెంబు మళ్లీ తీసి తోమాను. ఆ రోజు చెంబు ఇచ్చి ఊరుకోవలసింది నేను, అమ్మా. పళ్లెం ఎత్తింది నేనే. నాన్న కాదు.