రెండు సైరన్‌ల మధ్య అన్నం

ఎనభైల చివర్లో మా ఖరగ్‌పూర్‌లో ఎవరి చేతికీ గడియారం అక్కర్లేదు. రైల్వే వర్క్‌షాపు సైరన్ మోగితే ఊరు లేచేది, మోగితే తినేది, మోగితే పరుగెత్తేది. నేనూ ఆ వర్క్‌షాపు ఆఫీసులోనే గుమాస్తాని. మధ్యాహ్నం సైరన్‌కి సైకిలెక్కి క్వార్టరుకు వచ్చి నాన్నకు అన్నం పెట్టేదాన్ని. ఆ తర్వాత వెనక్కి రమ్మని ఇంకో సైరన్ మోగేది. అది మోగిన కాసేపటికే గేటు మూసేసేవారు. గేటు మూస్తే పూట సెలవు పోయినట్టే.

నాన్న అదే షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. అమ్మ పోయిన ఏడాదికే ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట నెమ్మదించింది, ముద్ద మింగడం మరీ నెమ్మది. పక్క క్వార్టర్ బెంగాలీ దీదీ పగలంతా ఆయన్ని ఒక కంట కనిపెట్టి ఉండేది కానీ, ఆమె చేతి ముద్ద మాత్రం ఆయన ముట్టేవాడు కాదు. కూతురి చేతి అన్నమైతేనే దిగుతుంది మహానుభావుడికి! నాకు తిక్కరేగేది.

దానికి తోడు ఇంకో చిక్కు. రమ్మనే సైరన్ మోగగానే నాన్న నోరు మూసేసేవాడు. సగం అన్నం ఉండగానే ఎడమచేత్తో పళ్లెం పక్కకు నెట్టేవాడు. ఇంకొక్క ముద్ద అని బతిమాలితే తల అడ్డంగా ఊపడమే. సర్వీసంతా సైరన్‌కి తిని సైరన్‌కి లేచిన మనిషి కదా, ఆ అలవాటు ఒంట్లోంచి పోలేదనుకున్నాను.

రాత్రికి ఆయనకు ఓపిక ఉండేది కాదు. కాసిని పాలు తాగి పడుకునేవాడు. ఆయన ప్రాణమంతా ఆ మధ్యాహ్నం అన్నం మీదే నిలబడి ఉంది. చొక్కాలు వదులైపోయాయి. కడుపునిండా తినకపోతే మనిషి దక్కడని డాక్టరు నా మొహం మీదే చెప్పేశాడు.

సరే, త్వరత్వరగా పెట్టేద్దామనుకున్నాను. ముద్ద మీద ముద్ద. కన్ను ఆయన నోటి మీద, చెవి సైరన్ మీద. కాళ్ల చెప్పులు కూడా విడిచేదాన్ని కాదు. ఒకరోజు పొలమారి, ఊపిరాడక, నాన్న కళ్లు తేలేశాడు. దీదీ పరుగెత్తుకొచ్చి వీపు నిమిరింది. "ఇత్‌నీ జల్దీ మత్ కరో!" అని నన్ను కసిరింది. తొందరపడొద్దట! గేటు దగ్గర నిలబడి చూస్తే తెలిసేది ఆవిడకి. నా జీతం లేకపోతే క్వార్టరూ లేదు, మందులూ లేవు. అటు గేటు, ఇటు నాన్న గొంతు, మధ్యలో నేను అడకత్తెరలో పోకచెక్కలా.

మర్నాడు సైరన్ మోగింది. ఆయన పళ్లెం నెట్టేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"రిటైరైపోనావు కదా నాన్నా! ఆ సైరన్‌తో నీకేటి పని?" అని అరిచాను.

ఆయన చాలాసేపు మాటలు కూడదీసుకున్నాడు.

"అది నాది కాదమ్మా, నీది. అది మోగితే నువ్వు లెగిసిపోతావు. నేను నవుల్తా కూకుంటే నీకు గేటు మూసేస్తారు. అందుకే సాలనేస్తన్నాను."

అప్పటికే నేను సైకిలు తాళం పట్టుకుని లేచి నిలబడి ఉన్నాను. అక్కడే కూలబడ్డాను. ఏడుపు ఆగలేదు.

"ఎల్లిపో అమ్మా, లేటయిపోతాది" అని నాన్న ఒకటే కంగారు. సర్వీసులో ఏనాడూ గేటు తప్పని మనిషి. ఆ కంగారులో నోట్లోది మింగబోయి దగ్గాడు. నేను లేస్తే తినడు, కూర్చున్నా తినలేడు. ఏం చెయ్యను? నోటికొచ్చిన అబద్ధం ఆడేశాను.

"మా ఆఫీసోళ్లకి టైమ్ మార్సినారు నాన్నా. ఈ సైరన్ షాపోళ్లకే, మాకు కాదు."

"నిజమేటి?"

"నిజమే."

చెప్పులు విడిచి, గోడకు చేరగిలబడి కూర్చున్నాను. వీధిలో సైకిళ్ల హడావిడి సద్దుమణిగింది. అప్పుడు ఆయన నమిలే చప్పుడు వినిపించింది. ఇన్నాళ్లూ రోజూ పక్కనే ఉండి నేనది వినలేదు. ఒక్కో ముద్దా నోట్లో తిప్పుకుంటూ, కళ్లు సగం మూసుకుని, వంకాయ కూర బాగుందని తల ఊపాడు. అన్నమంతా అయ్యాక మజ్జిగ అడిగాడు. జబ్బు చేశాక ఆయన భోజనం మజ్జిగ దాకా రావడం అదే మొదలు. ఆ పూట సెలవు పోయింది. పోతే పోయింది.

రోజూ అలాగే కూర్చున్నాను. ఆయన బుగ్గలు కాస్త నిండాయి, నా సెలవులు కరిగిపోయాయి. చివరికి ఒక పొద్దున హెడ్‌క్లర్కు పిలిచి, రేపట్నించి గేటు తప్పితే ఉద్యోగం ఉండదని తెగేసి చెప్పాడు.

ఆ మధ్యాహ్నం కూడా సైరన్ మోగింది. నేను కదల్లేదు. నాన్న తీరుబడిగా తిని, మూతి తుడిపించుకుంటూ అడిగాడు.

"రేపు కూడా ఇదే టైమేనా అమ్మా?"

"ఇదే, నాన్నా" అన్నాను.