బందెలదొడ్డి వారసుడు

విల్‌ఫ్రెడ్ పిండర్ ఇంటి తలుపు మీద చెక్కపలకపై రంగుల్లో గీసిన ఒక సింహం ఉండేది. సముద్రతీరపు బజారులో, ఎవరు ఏ ఇంటిపేరు చెప్పినా టీ చల్లారేలోగా దానికొక వంశచిహ్నం తీసి ఇచ్చే దుకాణంలో అతను దాన్ని కొన్నాడు. వెనుక నిలబడ్డ ఆసామికి కూడా, ఇంటిపేరు వేరైనా, రంగు మార్చి అదే సింహాన్ని ఇచ్చారు. విల్‌ఫ్రెడ్ అది చూశాడు; చూసినదాన్ని సాక్ష్యంగా స్వీకరించలేదు.

ఉద్యోగకాలమంతా అతను యార్క్‌షైర్ బస్సుల్లో టిక్కెట్లు తనిఖీ చేశాడు. లంచం ముట్టలేదు, ఎవరినీ తిట్టలేదు, ఎవరినీ వదలలేదు. ఒకసారి టిక్కెట్టు జారవిడుచుకున్న నెల్లీ ఓల్డ్‌రాయిడ్‌ను, ఊరివాళ్లంతా చూస్తుండగా, జోరువానలో దారి మధ్యన దించేశాడు. నియమం అలా ఉందన్నాడు. నియమం నిజంగానే అలా ఉంది.

పదవీ విరమణ చేసిన ఏడాది చర్చి హాలులో బడిపంతులమ్మ ఊరి ఇంటిపేర్ల మీద ప్రసంగించింది. విల్‌ఫ్రెడ్ ముందు వరుసలో కూర్చున్నాడు. తప్పిపోయి పరుల చేలో పడ్డ గొడ్లను తోలుకొచ్చి బందెలదొడ్డిలో పెట్టేవాణ్ణి పూర్వం పిండర్ అనేవారని ఆమె చెప్పింది. సింహం ప్రస్తావన రాలేదు.

ఇంటికి వెళ్తూ అతని భార్య ఎడ్నా అన్నది: "అయితే మీ తాతలు తోలింది పందుల్నన్నమాట. పోనీలే, సింహం కన్నా పందే నయం. కూరకైనా పనికొస్తుంది."

అతను కొన్నాళ్లు ముభావంగా తిరిగాడు. తరువాత ఆలోచించి, ఆ అవమానంలోంచే ఒక గౌరవాన్ని పిండుకున్నాడు. గొడ్లను పట్టేవాడంటే అధికారి కదా. తనిఖీ తన నెత్తుటిలోనే ఉందన్నమాట. ఈ వాదానికి ఆధారం స్వల్పం. ఊరూరికీ ఒక బందెలదొడ్డి, దొడ్డికొక కాపరి ఉన్న దేశంలో పిండర్లందరూ ఒక వంశం కారు. విల్‌ఫ్రెడ్ తాత ఈ ఊరికి రైలుపట్టాలు వేయడానికి వచ్చిన కూలి. పైగా ఇంటిపేరు వృత్తికి రుజువైతే, గ్రామసభ పెద్ద ఆర్థర్ కుక్‌కు గుడ్డు ఉడకబెట్టడమైనా వచ్చి ఉండాలి.

ఇంతలో రాణిగారి పాలనకు రజతోత్సవం వచ్చింది. ఊరి చివర దురదగొండి పొదల మధ్య కూలిపోయిన పాత బందెలదొడ్డిని బాగుచేయిస్తే ఉత్సవానికి శోభగా ఉంటుందని సభ భావించింది. విల్‌ఫ్రెడ్ తానే చేస్తానన్నాడు. న్యాయంగా చెప్పాలంటే, చేశాడు. చేతులు పగిలేదాకా రాయి మీద రాయి పేర్చి, పైకప్పులేని ఆ గుండ్రటి గోడను నిలబెట్టాడు. సభవారు అతనికి పిండర్ పదవిని, ఒక టోపీని, ఒక కర్రను ఇచ్చారు. వాకిలి పక్కన నున్నని రాయొకటి ఖాళీగా ఉంచారు. కోతలయ్యాక ఊరంతా కలిసి చేసుకునే పంటల విందు దాకా ఆచారం తప్పకుండా కాపరితనం చేస్తే దాని మీద అతని పేరు చెక్కిస్తామన్నారు. ఆ రాయి కోసం విల్‌ఫ్రెడ్ ఏమైనా చేసేవాడు.

ఆచారాన్ని అతనే సభలో చదివి వినిపించాడు. పట్టిన పశువుకు మేతా నీళ్లూ పట్టినవాడివే. యజమాని పిండర్‌కు ఒక పెద్దగ్లాసు బీరు పోయిస్తేనే విడుదల. అది లేకుండా గేటు తీసిన పిండర్ పిండర్ కాడు.

మొదటి వారంలోనే నెల్లీ మేక డచెస్ చర్చి గోడమీది గులాబీలు తింటూ దొరికింది. విల్‌ఫ్రెడ్ టోపీ సర్దుకుని, దాన్ని తోలుకొచ్చి, గేటు మూసి నెల్లీకి కబురు పెట్టాడు. ఆమె తీరిగ్గా వచ్చి, గోడ మీంచి మేకను చూసి, తరువాత అతన్ని చూసింది.

"బాగా కట్టావు అబ్బాయ్. ఉంచుకో."

"బీరు పోయిస్తే తీసుకెళ్లొచ్చు, నెల్లీ."

"నేనెందుకు పోయిస్తాను? మేపేది నువ్వేగా."

అంతే, వెళ్లిపోయింది. మరునాడు మరో చిక్కు వచ్చింది. డచెస్ పాడిమేక, విల్‌ఫ్రెడ్‌కు పాలు తీయడం రాదు. ఎడ్నా పితికింది, ఆ పాలతో పాయసం చేద్దామనుకుంది. అతను ఒప్పుకోలేదు. పశువు బందీ అయినంత మాత్రాన పాలమీద హక్కు పోదని తీర్పు చెప్పి, టోపీ పెట్టుకుని, పాలక్యాను తానే మోసుకెళ్లి నెల్లీ గుమ్మంలో పెట్టి వచ్చాడు. ఇక రోజూ అదే పని. మేత అతనిది, పాలు ఆమెవి. గడ్డి మోపు నెత్తిన పెట్టుకుని అతను వీధిలో నడుస్తుంటే, ఒకప్పుడు అతను బస్సు దించిన వాళ్లందరూ మర్యాదగా దారి ఇచ్చేవారు. ఆ మర్యాదే అతన్ని ఎక్కువగా కాల్చింది.

పంటల విందు దగ్గరపడింది. విల్‌ఫ్రెడ్ పబ్బుకు వెళ్లి, ఒక పెద్దగ్లాసు బీరు తానే కొని, నెల్లీ ముందు పెట్టాడు.

"ఇది నాకివ్వు నెల్లీ. చేత్తో ఇటు తోస్తే చాలు."

నెల్లీ గ్లాసెత్తి, నెమ్మదిగా, చివరి చుక్కదాకా తాగి, మూతి తుడుచుకుంది.

"నీకు పుణ్యముంటుంది విల్ఫ్. బస్సు దిగి నడిచినరోజు నుంచీ గొంతు ఎండిపోయి ఉంది."

పబ్బంతా నవ్వింది. అతను టోపీ తీసి చేత్తో పట్టుకుని బయటికి వచ్చాడు. వాన మొదలైంది. దొడ్డిలో డచెస్ గోడకు ఒత్తుకుని వణుకుతూ నిలబడి ఉంది, దగ్గుతోంది. రాయి పక్కన ఆగి విల్‌ఫ్రెడ్ చాలాసేపు ఆలోచించాడు. గొడ్డును వానలో ఉంచకూడదని ఆచారంలో ఎక్కడా లేదు. ఆ సంగతి అతనికంటే బాగా తెలిసినవాడు లేడు. చివరికి గేటు తీశాడు. తన కోటు దాని మీద కప్పి, మెడతాడు పట్టుకుని, ఊరి నడివీధిలోంచే నడిపించుకుంటూ నెల్లీ ఇంటికి తీసుకెళ్లాడు.

నెల్లీ తలుపు తీసి, తడిసిన ఇద్దరినీ చూసింది.

"వానలో దించడం నీకు అలవాటేగా. ఇవాళేమైంది?"

అతను మెడతాడు ఆమె చేతికిచ్చాడు. ఆమె మేకను లోపలికి లాగి, కాసేపటికి అతన్ని కూడా రమ్మంది.

సభ విచారణ జరిపింది. బీరు ముట్టకుండా గేటు తీశాడు గనుక పిండర్ ఆచారం తప్పాడని ఆర్థర్ కుక్ గంభీరంగా ప్రకటించాడు. ఆ తరువాత విందులో తన భార్య వండిన పంది మాంసాన్ని తానే వండినట్టు అందరికీ వడ్డించాడు. రాయి ఖాళీగానే ఉండిపోయింది. విల్‌ఫ్రెడ్ అభ్యంతరం చెప్పలేదు. నియమం అలాగే ఉంది, చదివి వినిపించింది తనే.

ఆ చలికాలం నెల్లీ మేకల కొట్టంలో తలకు తగిలేంత కిందికున్న కప్పు కారింది. అడ్డం పెట్టడానికి చెక్క కావలసి వచ్చింది. విల్‌ఫ్రెడ్ తన తలుపు మీది సింహాన్ని ఊడదీసి తెచ్చి, తానే మేకులు కొట్టాడు. బొమ్మ ఉన్న వైపు లోపలికి వచ్చింది. తనకు అందినంత మేర రంగును డచెస్ వసంతం వచ్చేలోగా నాకేసింది.