జవాబులు వికారాబాద్ బండిలో వస్తాయి

మాది తాండూరులో స్పానిష్ క్లబ్బు. చెబితే ఇప్పటికీ నవ్వుతారు. అప్పుడూ నవ్వేవారు. ఆదివారం నేను రైలు దిగి నడుస్తుంటే సోడాబండి ఆయన కేకేసేవాడు: "సార్, స్పెయినోళ్లకు జర మా సలాం గూడ చెప్పుండ్రి!"

డెబ్బైల్లోని మాట. క్లబ్బంటే ముగ్గురం: రిటైరైన ఉర్దూ మాస్టారు, బండల పాలిషింగ్ నడిపే సేటు, వికారాబాద్ తాలూకా ఆఫీసులో గుమాస్తానైన నేను. ఆదివారం మధ్యాహ్నం మాస్టారి రేడియోలో ఏదో విదేశీ స్టేషన్ పావుగంట స్పానిష్ పాఠం చెప్పేది. అర్థం ఇంగ్లీషులో చెప్పాక ఒకరు అడిగేవారు, ఇంకొకరు బదులిచ్చేవారు. పుస్తకం లేదు, మళ్లీ చెప్పేవాళ్లు లేరు. అందుకని మాస్టారు పని పంచారు. ప్రశ్నలు ఆయన పట్టుకోవాలి, జవాబులు నేను. సేటు ఏరియల్ తీగ ఎత్తి పట్టుకోవాలి. మాస్టారు ఉర్దూలో రాసుకునేవారు, నేను తెలుగులో. ఒకరి రాత ఒకరికి రాదు. పాఠమయ్యాక ఆయన అడిగేవారు, నేను చెప్పేవాణ్ని, సేటు గోడకానించిన బండ మీద సుద్దతో స్పెయిన్ పటం గీసేవాడు.

మాస్టారికున్న కోరిక ఒక్కటే, చనిపోయేలోగా ఒక్క స్పెయిన్ మనిషితో నోరారా మాట్లాడాలని. నాకేమో కాలు నిలిచేది కాదు. హైదరాబాద్‌కు బదిలీ కోసం అర్జీల మీద అర్జీలు పెడుతున్నాను. జవాబు చెబుతూ గడియారం చూసేవాణ్ని, పట్టాల మీద ఏ బండి కూత వినపడినా అది నన్ను వదిలేసి పోతున్నట్టుండేది. పాఠాల్లో నావంతు జవాబొకటి: "సీ, సెన్యోర్, ముయ్ కోంతెంతో." అవునండీ, చాలా సంతోషంగా ఉన్నాను. ఆరేళ్లు ఆ అబద్ధం చిలకలా పలికాను.

ఒక ఆదివారం వికారాబాద్ ప్లాట్‌ఫారం మీద ప్యాసింజర్ కోసం చూసి చూసి తిక్క రేగింది. ఎవరికోసం ఈ తిరుగుడు అనుకుని బయటికొచ్చి అనంతగిరి బస్సెక్కాను. కొండ మీద బఠాణీలు తింటూ కూర్చున్నాను. అక్కడా మనసు కుదురుగా లేదు. పాఠం మొదలయ్యే వేళకు చేయి జేబులో పెన్ను వెతికింది.

మరుసటి ఆదివారం జ్వరమొచ్చిందని అబద్ధం సిద్ధం చేసుకుని వెళ్లాను. గుమ్మంలోనే సేటు అందుకున్నాడు.

"మస్తు పని చేసినవ్ పో! పోయిన ఐతారం బండల గనులు చూడనీకి స్పెయిన్ ఆయన వచ్చిండు. నేనే తోల్కొచ్చిన గీ ఇంటికి."

మాస్టారు షేర్వానీ తొడుక్కుని అన్ని ప్రశ్నలూ వరసగా అడిగారట. అతను ఎగిరి గంతేసినంత పని చేసి బదులిచ్చాడట. ఆ తర్వాత అతను తిరిగి అడిగాడు: "ఎస్తా ఉస్తెద్ కోంతెంతో అకీ?" మీరిక్కడ సంతోషంగా ఉన్నారా అని. మాస్టారు నన్ను వందసార్లు అడిగినదే.

"నా సవాలే నన్నడిగిండు బేటా," అన్నారు మాస్టారు. "నీ మాట ఎన్నిసార్లు విన్ననో. కాని గా టైముకు నోట్లకు రాలె. నీ జవాబు నీతానే ఉండె. జవాబులు వికారాబాద్ బండ్ల వస్తున్నయ్, జర ఆగుండ్రి అని ఇంగ్లీషుల చెప్పి స్టేషన్‌కు తీస్కపోయిన."

ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. ప్యాసింజర్ వచ్చింది. దిగినవాళ్లందరూ గేటు దాటి పోయేదాకా చూశారు. తర్వాత అతను మాస్టారి చేయి రెండు చేతులతో పట్టుకుని ఊపి, కారెక్కి హైదరాబాద్ వెళ్లిపోయాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. "జ్వరమొచ్చిందని చెబ్దామనుకున్న సాబ్," అన్నాను. "కావాల్నే రాలె."

ఆయన ఉర్దూ నోటుబుక్కు తెరిచి, కలం తీసి అడిగారు: "ఎస్తా ఉస్తెద్ కోంతెంతో అకీ?"

చెప్పాను. ఆయన నెమ్మదిగా పలికి, కుడి నుంచి ఎడమకు రాసుకున్నారు. ఆ తర్వాత రెండో ప్రశ్న, మూడోది. ఆరేళ్ల జవాబులన్నీ పొద్దుగూకేదాకా నా దగ్గర్నించి తీసుకున్నారు. సేటు తీగ పక్కన పెట్టి ఊరికే చూస్తున్నాడు.

"ఫికర్ చెయ్యకు బేటా," అన్నారు చివరికి, పుస్తకం మూసి. "ఇగ నువ్వు రాకున్నా నడుస్తది."

ఎన్నాళ్లుగానో నాకు కావలసిన సెలవు అదే. తిరుగు బండి వచ్చి నిలబడితే మాత్రం ఎక్కబుద్ధి కాలేదు.