దూడకని చెప్పిన పిండి

ఓబులేసు చేసిన ఉగ్గుపిండికి వంక పెట్టేవాళ్లు ఆ ఇంట్లో ఎవరూ లేరు. అదే వాని ఏడుపు. ఒకరన్నా బాగలేదంటే ఆ పని ఇడిసిపెట్టి ఉండేవాడు.

నంద్యాల్లో ఇంజనీరింగు మధ్యలో ఇడిసినాడు. ఎందుకురా అంటే "కుదర్లే" అంటాడు, అంతే. తర్వాత విత్తనాల గోడౌన్లో కొన్నాళ్లు, బైకుల షోరూములో కొన్నాళ్లు. యాడా కాలు నిలవలేదు. చివరికి ఆళ్లగడ్డలో సొంతింటికే వచ్చి పడినాడు. భార్య సౌజన్య నంద్యాల్లో ఒక కండ్ల డాక్టరు దగ్గర కౌంటర్లో కూర్చుంటాది. బిడ్డకు ఆరో నెల నిండినాక మళ్లీ పొద్దున బస్సు పట్టింది. తల్లి అనసూయమ్మ తెల్లారితే మిరపచేనికి పోతాది, కోత కూలీల ఎనకాల నిలబడేదానికి. పగలంతా ఇంట్లో మిగిలేది ఓబులేసు, వాని కూతురు అమ్ములు.

పిండి చేసేది తల్లే నేర్పింది. రాగులు కడిగి, నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకలొచ్చినాక ఆరబెట్టల్ల. అరచేతుల మధ్య నలిపితే మొలకలు రాలిపోతాయి. తర్వాత సన్నసెగ మీద దోరగా వేయించల్ల. పెసరపప్పు వేరే, బియ్యం వేరే, చిటికెడు వాము ఆఖర్న. మొదటిసారి మాడగొట్టినాడు. తర్వాత తర్వాత చూడకుండానే, వాసన బట్టి పెనం దించేవాడు. వాడు గిన్నె తీసిన చప్పుడు వింటే చాలు, అమ్ములు చాప మీది నుంచే పిట్టపిల్ల మాదిరి నోరు తెరిచేది. ఆ నోరు చూస్తే వానికి లోపల ఏదో నిండేది. బయటికి మాత్రం చెప్పుకోలేడు.

ఎట్ల చెప్పుకుంటాడు? బస్టాండు కాడ టీ అంగట్లో ఈశ్వర్ కూర్చోనుంటాడు. ఈశ్వర్, ఓబులేసు కాలేజీలో ఒకే రూము. ఈశ్వర్ పాసై, వాళ్ల నాయన రాతి విగ్రహాల షెడ్డు చూసుకుంటాండాడు.

"ఏమప్పా ఉగ్గు ఓబులేసూ! ఈ పొద్దు వాము వేసినావా, మర్చినావా?"

అంగట్లో అందరూ నవ్వినారు. ఓబులేసూ నవ్వినాడు. టీ సగం తాగి లేచినాడు. అప్పట్నుంచి రాగులు మిద్దె మీద కాకుండా ఇంటి ఎనక, గేదెను కట్టేసే చోట ఆరబెట్టడం మొదలుపెట్టినాడు.

ఆ వీధిలో పిండి మిషను భారతమ్మది. మొగుడు పోయినాక ఒంటిచేత్తో నడుపుతాంది. ఆమె మిషను కాడ ఒక పద్ధతుంది. "పసిబిడ్డకు" అని ఒక్క మాట చెప్తే చాలు, ముందు ఎంతమందున్నా పక్కకు జరుగుతారు. భారతమ్మ మిషను ఆపి, రాళ్లు విప్పి తుడిచి, పిడికెడు బియ్యం ఆడించి పారబోసి, అప్పుడు బిడ్డ పిండి పడుతుంది. అంతవరకు మూట తీసుకొనిపోయేది అనసూయమ్మే. ఆ పొద్దు ఆమె చేన్లో ఉంది, ఇంట్లో పిండి అయిపోయింది. ఓబులేసు బిడ్డను పక్కింట్లో ఇడిసి, మూట తీసుకొని పోయినాడు.

పోతే ఏముంది, ఈశ్వర్ మిరపకాయలు పట్టిస్తాండాడు. మిషనంతా ఎర్రగా ఉంది.

"ఏందిరా మూట?" అన్నాడు ఈశ్వర్.

"దూడకు," అన్నాడు ఓబులేసు. నోట్లోంచి ఎట్ల వచ్చిందో వానికే తెలీదు.

భారతమ్మ మూట విప్పి వాసన చూసింది. "దూడకు వేయించి పెడ్తాండారా, అబ్బీ? మీ దూడ రాజా దూడే!"

"అమ్మ చెప్పింది అత్తా. పాలు చాలడం లేదంట."

"దూడకైతే మిషను విప్పే పని లేదులే. కొంచెం కారం తగిలినా కడుపులో పురుగులు పోతాయి," అని, ఈశ్వర్ కారం పట్టిన మిషను నోట్లోనే రాగులు పోసింది.

అప్పుడు చెప్పొచ్చు. "ఆగత్తా, బిడ్డకు" అంటే అయిపోయేది. మిషను చప్పుడులో ఈశ్వర్‌కు వినపడేది కూడా కాదేమో. ఓబులేసు సెల్లు తీసి చూసుకుంటా నిలబడినాడు.

ఇంటికొచ్చి గుడ్డలో జల్లించినాడు. మొలక రాగుల పిండే ఎరుపు, అందులో కారం యాడ కనపడుతుంది? తుమ్ములు వచ్చినాయి. మిషను కాడి ఘాటు బట్టలకు పట్టుంటాదిలే అనుకున్నాడు. నాలిక మీద ఇంత వేసుకొని చూడలేదు. జావ కాచి, ఆరబెట్టి, గిన్నె తీసినాడు. అమ్ములు నోరు తెరిచింది.

ఆ ఏడుపు పక్కిండ్లకు వినపడింది. బిడ్డ పెదాలు ఎర్రగా పొంగినాయి. ఊపిరి తిప్పుకోలేకుండా ఏడ్చింది. అప్పుడే చేన్నుంచి వచ్చిన అనసూయమ్మ బిడ్డను లాక్కొని, జావ వేలితో నాకి చూసి, "కారం!" అని అరిచింది. పాలు తాపింది, పెదాలకు నెయ్యి పూసింది.

"పసిబిడ్డకని చెప్పలేదా మిషను కాడ?"

"చెప్పినా," అన్నాడు ఓబులేసు.

సాయంత్రం సౌజన్య బస్సు దిగి వచ్చి, చేతిసంచి కూడా దించకుండా బిడ్డకు పాలిచ్చింది. "నువ్వు చెప్పినావు గదా?" అని ఆమె కూడా అడిగింది. "చెప్పినా" అన్నాడు మళ్లా. రెండోసారి అబద్ధం సులువుగా వచ్చింది.

తెల్లారేసరికి అనసూయమ్మ వీధంతా చెప్పింది. "మొగుడు పోయినాక దానికి కండ్లు కూడా పోయినాయి. పసిబిడ్డకని చెప్పినా వినకుండా కారంలో పట్టిచ్చింది." దూడకన్నాడని భారతమ్మ చెప్పినా ఎవరూ నమ్మలేదు. ఆ వారమంతా పిల్లతల్లులు మూటలు నెత్తిన పెట్టుకొని, భారతమ్మ గడప దాటి, ఊరవతలి మిషనుకు పోతాంటే ఓబులేసు తలుపు సందులోంచి చూసినాడు. ఇంట్లో అమ్ములు గిన్నె చప్పుడుకు మొహం తిప్పుకుంటాంది. తల్లి పెట్టినా, నాయనమ్మ పెట్టినా అరకొరగా తింటాంది. వాడు చెంచా తీస్తే మాత్రం పెదాలు బిగిస్తాంది.

ఆదివారం కొత్త రాగుల మూట ఒక చేత, బిడ్డను ఒక చేత ఎత్తుకొని మిషను కాడికి పోయినాడు. ఖాళీగా ఉంది. భారతమ్మ లేవలేదు.

"ఏం అబ్బీ, దూడ బాగుందా?"

"దూడ కాదత్తా. ఆ పిండి ఈ బిడ్డకే. నేనే దూడకని చెప్పినా."

"ఎందుకు?"

"సిగ్గయ్యింది."

"ఎవరిని చూసి?"

ఓబులేసు చుట్టూ చూసినాడు. చూపించేదానికి ఎవరూ లేరు. బిడ్డ వాని చొక్కా గుండీ లాగుతాంది.

"ఇంట్లో చెప్పినావా?"

"లేదు."

"వీధిలో నా మొహాన కారం కొట్టి, ఈడికొచ్చి చెవిలో చెప్తావా? పో. ముందు ఆడ చెప్పిరా. మూట ఈడే పెట్టిపో."

ఇంటి ముందర అనసూయమ్మ ఇద్దరు ఆడోళ్లతో కూర్చోని చింతపండు గింజలు తీస్తాంది. సౌజన్య గడపలో తల దువ్వుకుంటాంది. ఓబులేసు నిలబడే చెప్పినాడు. దూడ అని చెప్పింది, ఈశ్వర్ ఉన్నది, ఇంట్లో అబద్ధమాడింది, అన్నీ. ఆడోళ్లు చేతులు ఆపినారు. ఒకామె నవ్వబోయి ఆగిపోయింది. సౌజన్య దువ్వెన పక్కన పెట్టి, వచ్చి బిడ్డను వాని చేతుల్లోంచి తీసుకొనింది. అనసూయమ్మ కొంగు నెత్తిన కప్పుకొని లేచింది.

"యాడికిమా?"

"భారతమ్మ కాడికి. కన్నతల్లికి నువ్వు పెట్టిన పని ఇది," అని నడిచింది. ఆమె ఎనకాల పోయేదానికి కూడా వానికి మొహం చెల్లలేదు. అయినా పోయినాడు. మిషను రాళ్లు భారతమ్మ వానితోనే తుడిపించి, అప్పుడు పిండి పట్టింది.

మధ్యాన్నం జావ కాచినాడు. చేతులు సబ్బుతో ఎన్నిసార్లు కడిగినా గోళ్ల సందుల్లో మంట పోలేదు. అమ్ములు సౌజన్య ఒళ్లో ఉంది. చెంచా చూసి పెదాలు మూసింది.

ఓబులేసు ఆ చెంచా తన నోట్లో పెట్టుకున్నాడు. నిదానంగా చప్పరించి మింగినాడు. చప్పగా, కమ్మగా ఉంది. మళ్లా ఒకటి తిన్నాడు. బిడ్డ వాని నోటినే చూస్తాంది. మూడో చెంచా ముందుకు చాపినాడు.

అమ్ములు నోరు తెరిచింది. ఎప్పటి మాదిరే, పిట్టపిల్ల మాదిరే.

వాడు తల దించుకొని గిన్నెలోకి చూసినాడు. బిడ్డ ఇంత తొందరగా నమ్మకుండా, ఇంకొన్నాళ్లు నోరు మూసుకొని ఉండాల్సింది అనిపించింది.

"పెట్టు," అనింది సౌజన్య. "చల్లారిపోతాంది."