నాయన అరికాలి చుక్క

దయ్యాల కథలు దొరికినవన్నీ చదివేదాన్ని గానీ ఒక్కదాన్నీ నమ్మలేదు. ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం రాస్తాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. నాయన కళ్యాణదుర్గం రూటులో బస్సు డ్రైవరు. ఆయన డ్యూటీకి బయల్దేరేముందు అవ్వ, అంటే ఆయన తల్లి, ఆయన ఎడమ అరికాలికి కాటుకతో దిష్టి చుక్క పెట్టేది. నలభై ఐదేళ్ల మనిషి చంటిపిల్లాడిలా కాలు చాపేవాడు.

అవ్వ పోయిన ఏడాదికి సరిగ్గా అదే చోట నల్లమచ్చ కనిపించింది. కడిగితే పోలేదు. నెలనెలా పెరిగింది, అంచులు వంకరగా. ఆసుపత్రికి పోదామని రోజూ గొణిగేదాన్ని.

“మా యమ్మ పెట్టిన చుక్క పాపా. ఆమె పోయినా అది పోలా. ఉండనీ,” అని నవ్వేవాడు.

ఒక ఆదివారం పొద్దున. అమ్మ ముదిగుబ్బలో పుట్టింట్లో ఉంది. ఇంట్లో మేమిద్దరమే. నాయన అరుగు మీద కాళ్లు చాపి కాఫీ తాగుతున్నాడు, పక్కన నేను డైరీ రాసుకుంటున్నాను. మచ్చ చుట్టూ కాటుక గీత కనిపించింది. తడిగా ఉంది. గుండ్రంగా కాదు, మడమ వైపు బాగా సాగి ఉంది. ఎందుకో తెలియదు, డైరీ పేజీని దానికి అద్దాను.

“ఏం పాపా, నా కాలికి ముగ్గేసినావా?”

“నేను కాదు నాయనా.”

ఆయన వేలితో తాకి వాసన చూశాడు. ఆముదం. మా ఇంట్లో ఆముదంతో కాటుక పట్టింది అవ్వ ఒక్కతే. ట్రంకుపెట్టెలో ఆమె భరిణెలోని కాటుక ఎండి పగిలిపోయి ఉంది. అప్పుడే తీసి చూశాను.

నాయన నవ్వలేదు. “మా యమ్మ ఊరికే గీయదు. రేప్పొద్దున పోదాం పా.”

బెంగళూరులో చిన్న ముక్క తీసి పరీక్షించారు. చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్, అందులోనూ అరికాలికి వచ్చే అరుదైన రకం.

“ముల్లు విరిగిందనుకొని ఆలస్యం చేస్తారమ్మా. మీరు ఇప్పటికైనా వచ్చినారు, నయం,” అన్నాడు డాక్టరు, తెలుగాయనే. మచ్చ చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీసి, అంతవరకూ కోశారు.

రిపోర్టు వచ్చింది. మడమ వైపు అంచులో జబ్బు ఇంకా మిగిలి ఉంది. రెండోసారి కోయడానికి డాక్టరు కొత్త గీత గీస్తుంటే నేను సంచిలోంచి డైరీ తీసి, కాటుక అచ్చు పడ్డ పేజీని వెనకవైపు నుంచి వెలుతురుకు పట్టి చూశాను. అదే సాగుడు, అదే వంపు. సిగ్గుతో డాక్టరుకు చెప్పలేకపోయాను.

ఈసారి అంచులన్నీ శుభ్రంగా వచ్చాయి. తొడ చర్మం అతికించారు. ఏడాదికి నాయన మళ్లీ క్లచ్చు తొక్కాడు.

ఇప్పటికీ అప్పుడప్పుడూ ఆ పేజీ అడుగుతాడు. చూసి, అరికాలు తడుముకుంటాడు. గీసిందెవరో నాకు తెలియదు. ఆ కాటుక మాత్రం ఇంకా వేలికి అంటుతుంది.