శీమా కొండకు కొట్టిన మేకు

శీమా ఊళ్ళో పెంగ్ లాన్‌శ్యాంగ్ నోటికి జడవనివాళ్ళు లేరు. కూరలో ఉప్పెక్కువైతే అది ఉప్పు అమ్మినవాడి తప్పు, అన్నం మాడితే కట్టెల తప్పు. ఆమె తన తప్పు ఒప్పుకోగా విన్నవాళ్ళు పడమటి హునాన్ మొత్తంలో లేరు. మొగుడు లావో త్యెన్ ఆ ఆశ ఎప్పుడో వదిలేసుకున్నాడు.

వాళ్ళ ఇంటి వెనకే కొండ. ఆ రాతిపొరల్లో రాయిగా మారిపోయిన పేనంత పురుగొకటి మొదటగా కనిపించిన చోట భూమి చరిత్రలో కొత్త కాలం మొదలైందని లు అనే ప్రొఫెసర్ తేల్చి, అక్కడొక ఇనుప మేకు కొట్టించాడు. దేశదేశాల పండితులు ఓట్లేసి ఒప్పుకుంటే ఆ కాలానికి శీమా పేరే పెడతారు. ఊరు ఉబ్బితబ్బిబ్బయింది. లాన్‌శ్యాంగ్ మాత్రం మేకుకు మిరపకాయల దండలు ఎండబెట్టడానికి తగిలించింది. కోళ్ళు వాటిని పీకుతుంటే ఒళ్ళుమండి, మేకు ఊడదీసి జానెడు పైన కొట్టి, పాత కన్నంలో మట్టి మెత్తింది.

చలి తగ్గాక పండితులు దిగారు. ఆ గౌరవం తమ కొండకే దక్కాలని పట్టుబట్టిన కజకిస్తాన్ గడ్డపాయన, మేకుకు జానెడు కిందే పురుగును పట్టేశాడు.

“పురుగు కింది పాత పొరలోనే ఉందే! ఎక్కడ మొదలైందో తెలీకుండానే హద్దు పెట్టేశారా? ఇక మీ కొలతలు ఎలా నమ్మమంటారు?” అన్నాడు. దుబాసీ అమ్మాయి ఆ మాట ఊరివాళ్ళకు చెప్పింది.

ప్రొఫెసర్ ముఖాన నెత్తురుచుక్క లేదు. టీ పోస్తున్న లాన్‌శ్యాంగ్ కెటిల్ కింద పెట్టేసింది. చెబితే ఊరంతా దుమ్మెత్తిపోస్తుంది. చెప్పకపోతే ఊరి పేరు పోతుంది, పాపం ఆ పెద్దాయన పరువూ పోతుంది.

“ఆగండయ్యా! ఆయన్నేమీ అనకండి. మేకు పీకింది నేను. మిరపకాయలు కోళ్ళపాలవుతున్నాయని పైన కొట్టాను. నాదే తప్పు!”

దుబాసీ అమ్మాయి ఆ మాటలు వాళ్ళకు చెబుతుంటే, లాన్‌శ్యాంగ్ జడపిన్నుతో మట్టి గీకి పాత కన్నం చూపించింది. గడ్డపాయన అందులో వేలు పెట్టి, పక్కనే ఉన్న పురుగును చూసి, పగలబడి నవ్వాడు.

“కాలాల హద్దుల కోసం ఏళ్ళ తరబడి కొట్టుకుంటున్నాం గానీ, మిరపకాయల కోసం కాలాన్నే జరిపినవాళ్ళని చూళ్ళేదు! ఓటు సంగతి తర్వాత. కొలత మాత్రం సరైనదే.”

ప్రొఫెసర్ ఊపిరి పీల్చుకున్నాడు. లావో త్యెన్ మెల్లగా దుబాసీ అమ్మాయి పక్కకు చేరాడు.

“అమ్మాయ్, మా ఆవిడ అన్న ఆ ‘నాదే తప్పు’ వాళ్ళకు అర్థమైనట్టు లేదు. మళ్ళీ చెప్పమననా?”

“బాగానే అర్థమైంది తాతా.”

“నాకే చాల్లేదమ్మా. ఇన్నేళ్ళ కాపురంలో ఇదే మొదటిసారి వినడం.”

లాన్‌శ్యాంగ్ టీ కెటిల్ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

“అది కొండకు చెప్పిన మాటయ్యా. ఇంట్లో చెల్లదు. పో, వాళ్ళకు టీ పొయ్యి.”