శుక్రవారం వినిపించే ఎనిమిది స్వరాలు

చిన్నప్పటి ఉబ్బసం వల్ల నేను బడికి వెళ్లలేదు. లెక్కలు, రేడియో మరమ్మతు నాన్న దగ్గర, సంగీతం అమ్మ దగ్గర ఇంట్లోనే నేర్చుకున్నాను. ఐటీ జోరులో జూబ్లీహిల్స్‌లోని ఒక చిన్న కంపెనీ మూడు నెలలు చూస్తామని నన్ను పనిలోకి తీసుకుంటే, పట్టా లేని నాకు అది ప్రసాదమే అనిపించింది.

షార్ట్‌వేవ్ రేడియోలో వినిపించే డేటా సంకేతాలు ఏ రకానివో గుర్తించడం మా పని. సైన్యాలు వాడే తరహా లింకులవి, వింటే కీచుకీచుమంటాయి. లోపలి కబురుతో మాకు పనిలేదు. ఎన్ని స్వరాలున్నాయి, ఎంత వేగంగా మారుతున్నాయి, అంతే. మా సాఫ్ట్‌వేర్ చూసి ఆ రకం పేరు చెప్పాలి.

ఒక సంకేతం మాత్రం శుక్రవారం పొద్దున పదింటికే వచ్చేది. కంప్యూటర్ ఒకసారి ఒక రకం అనేది, మరోసారి ఇంకొకటి అనేది. నా చెవికి ఎనిమిది స్వరాలు వినిపించేవి. మెట్లన్నీ సమానం, ఏ రాగానికీ పనికిరానివి. వాటి మధ్య టక్ టక్ అని ఒక దెబ్బ. అదేమిటో మాత్రం అంతుపట్టలేదు.

"ఏంటమ్మా, మూడు శుక్రవారాలయింది," అన్నారు మా సార్ ఒక గురువారం. "రేపటితో మీ మూడు నెలలూ సరి. ఇది తేలకుండా మిమ్మల్ని ఖాయం చెయ్యమని పైవాళ్లని నేనెలా అడగనండీ?"

మర్నాడు ముందుగా వచ్చి, ఎప్పటిలాగే ఆఫీసులోని అమ్మవారి పటం చుట్టూ ఉన్న లైట్లు వేశాను. ఒకదాని వెంట ఒకటి పరుగెత్తే బల్బులవి. బోరబండ నుంచి వచ్చి మా ఆఫీసు ఊడ్చే అక్క నెల కిందట తెచ్చింది. ఆమె భర్త ఫిల్మ్‌నగర్‌లో లైట్‌మ్యాన్. పాట సెట్టు విప్పేశాక ఇచ్చారట. శుక్రవారం ఒక్కరోజే వేసేవాళ్లం.

పదింటికి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. అలవాటుకొద్దీ వేళ్లు మోకాలి మీద ఆ టక్ టక్‌కి తాళం వేస్తున్నాయి. ఏమీ తోచక, తల్లీ నువ్వే దిక్కని పటం వైపు చూశాను. బల్బులు సరిగ్గా నా తాళానికే పరుగెడుతున్నాయి!

"అక్కా, ఆ లైట్లు బంద్ చెయ్యాలి, జల్దీ!"

"ఏంది చెల్లె, శుక్రారం పూట అమ్మవారి లైట్లు బంద్ చేస్తవా? నీ నౌకరి కోసమే మొక్కిన నేను!"

"ఆ నౌకరి కోసమే చెయ్యమంటున్న!"

అన్నానే గానీ నాకూ చెయ్యి రాలేదు. చివరికి అక్క నూనె దీపం వెలిగించింది, నేను దణ్ణం పెట్టుకుని స్విచ్ తీసేశాను. టక్ టక్ ఆగిపోయింది. ఎనిమిది స్వరాలూ కడిగినట్టు వినిపించాయి. మూడుసార్లు అడిగినా కంప్యూటర్ ఒకటే పేరు చెప్పింది.

బల్బుల్ని పరుగెత్తించే చిన్న డబ్బా పుట్టించే కరెంటు రొద మా రిసీవర్‌లోకి ఎక్కుతోంది. వారం వారం దాని స్విచ్ వేసింది నేనే!

సార్ పడీ పడీ నవ్వారు. "అంటే నెలరోజులు పాట సెట్టు లైట్లని ఎనలైజ్ చేశామన్నమాట!" ఆ సాయంత్రమే నన్ను ఖాయం చేశారు.

"చూసినవా, అమ్మవారే చూపించింది," అంది అక్క. అవునన్నాను. ఇప్పటికీ అదే అంటాను.

బల్బులు చుట్టి ఆమె చేతికిచ్చాను. సంబరంగా సంచిలో వేసుకుంది.

"మా ఇంట్ల పెట్టుకుంట. గాడ గీ రేడియోల లొల్లి లేదు."